పాయకరావుపేటలో 790, డల్లాస్‌లో ఖాళీ కాగితం

తాండవ నదికి ఇటు పాయకరావుపేట, అటు తుని. మధ్యలో వంతెన. పేటలో ఏళ్ల తరబడి ఖాతా మీద సరుకులిస్తున్న కిరాణా కొట్టాయనకు మన ఇంటి సంగతంతా తెలుసు. ఒక నెల అటూ ఇటూ అయినా బాకీ తీరుస్తామనీ తెలుసు. అదే మన ఇంటి మనిషి వంతెన దాటి తునిలో కాపురం పెట్టి, కొత్త కొట్టు ముందు నిలబడి ఖాతా రాసుకోమంటే ఎవరూ రాసుకోరు. ఎగ్గొడతాడని వాళ్ల అనుమానం కాదు, అతనెవరో ఆ పుస్తకంలో లేదు. విదేశంలో క్రెడిట్ స్కోరు వ్యవహారం సరిగ్గా ఇదే. ఇక్కడ సిబిల్‌లో 790 తెచ్చుకున్న ఉద్యోగి, మాస్టర్స్ చేద్దామని డల్లాస్‌లో దిగిన రోజున అక్కడి బ్యాంకుకు కనిపించేది ఖాళీ కాగితం. స్కోరు తక్కువ ఉండటం వేరు, అసలు లేకపోవడం వేరు. తక్కువ స్కోరును బాగుచేసుకోవడానికి ఏళ్లు పట్టవచ్చు. లేని స్కోరును నిర్మించుకోవడానికి ఆరు నెలలు చాలు, మొదటి అడుగు సరిగ్గా పడితే.

2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో నమోదైన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. 2010-2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని అక్కడి జనగణన లెక్కల మీద జరిగిన విశ్లేషణ తేల్చింది. ఆ కాలంలో అంత వేగంగా పెరిగిన భాష అక్కడ మరొకటి లేదు. పేట, తుని, నక్కపల్లి, నర్సీపట్నం నుంచి వెళ్లిన పిల్లలూ ఈ లెక్కలోని వాళ్లే. వెళ్లేముందు పరీక్షల గురించి, వీసా ఇంటర్వ్యూ గురించి, బ్యాంకు లోను గురించి నెలల తరబడి తెలుసుకుంటారు. దిగిన మర్నాటి నుంచి ఇల్లు, ఫోను, కారు, కరెంటు కనెక్షన్ అన్నింటికీ అడ్డుపడే ఈ మూడంకెల సంఖ్య గురించి మాత్రం చెప్పేవాళ్లుండరు. గదిలో ఉండే సీనియర్ చెప్పిందే వేదం. ఆ వేదంలో సగం తప్పు.

ఈ సంఖ్య ఎక్కడి నుంచి వస్తుంది

బిల్ ఫెయిర్ అనే ఇంజనీరు, ఎర్ల్ ఐజాక్ అనే గణిత శాస్త్రజ్ఞుడు కలిసి 1956లో కాలిఫోర్నియాలో ఒక సంస్థ పెట్టారు. అప్పటిదాకా అప్పు ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు అధికారి మనిషిని చూసి తేల్చేవాడు. చూపులో పక్షపాతం ఉంటే అప్పు పుట్టేది కాదు. ఆ చూపు స్థానంలో లెక్క పెట్టాలన్నది వాళ్ల ఆలోచన. వాళ్లిద్దరి సంస్థ పేరుతోనే 1989లో ఫైకో స్కోరు వచ్చింది. 300 నుంచి 850 దాకా ఉంటుంది. 670 దాటితే మంచిదని, 740 దాటితే చాలా మంచిదని, 800 దాటితే అత్యుత్తమమని లెక్క. 580 లోపు ఉంటే అప్పు పుట్టడం కష్టం, పుట్టినా వడ్డీ భారం.

లెక్కకు కావలసిన సమాచారం మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గర ఉంటుంది: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. బ్యాంకులు, కార్డు కంపెనీలు మన చెల్లింపుల వివరాలను నెలనెలా వీటికి పంపుతాయి. మన దేశంలోని సిబిల్‌లో ప్రధాన వాటాదారు కూడా ఇదే ట్రాన్స్‌యూనియన్. అయినా ముంబైలో ఉన్న మన రికార్డు తనంతట తాను షికాగో వెళ్లదు. పేరు ఒకటే కావచ్చు, చట్టాలు వేరు, దస్త్రాలు వేరు.

స్కోరులో ఏముంటుందో తెలుసుకోవడం కంటే ఏముండదో తెలుసుకోవడం మనవాళ్లకు ఎక్కువ అవసరం. జీతం ఉండదు. బ్యాంకులో ఎంత డబ్బుందో ఉండదు. మతం, జాతి, ఏ దేశస్థులమన్నది ఉండవు. ఏడాదికి లక్షా ఇరవై వేల డాలర్ల ఉద్యోగం వచ్చింది కాబట్టి స్కోరు దానంతటదే పెరుగుతుందని అనుకునేవాళ్లు చాలామంది. జీతంతో దానికి పనిలేదు. లైబ్రరీలో గంటల లెక్కన పనిచేసే విద్యార్థి స్కోరు సాఫ్ట్‌వేర్ మేనేజరు స్కోరును మించి ఉండవచ్చు.

35, 30, 15, 10, 10

ఫైకో లెక్కలో ఐదు పాళ్లున్నాయి. సమయానికి కట్టామా లేదా అన్నదానికి 35 శాతం. ఉన్న పరిమితిలో ఎంత వాడుతున్నామన్నదానికి 30. ఖాతాల వయసుకు 15. కొత్తగా ఎన్నిచోట్ల అప్పు అడిగామన్నదానికి 10. రకరకాల అప్పులు నడిపిన అనుభవానికి మిగతా 10. మొదటి రెండే 65 శాతం. కొత్తగా వెళ్లినవాళ్లు ఈ రెండూ చూసుకుంటే చాలా దూరం వచ్చినట్టే.

ముందు 35 సంగతి. గడువు తేదీ రెండు రోజులు దాటితే కంపెనీ ఆలస్య రుసుము వేస్తుంది, కానీ అది బ్యూరోల రికార్డుకు ఎక్కదు. 30 రోజులు దాటితే ఎక్కుతుంది. ఎక్కితే ఏడేళ్లు ఉంటుంది. అంటే 22 ఏళ్లకు చేసిన పొరపాటు 29 ఏళ్లకు ఇల్లు కొనబోయేటప్పుడూ కనిపిస్తుంది. సెలవుల్లో ఇంటికి వచ్చి పెళ్లిళ్లలో, పండగల్లో మునిగిపోయి 40 డాలర్ల బిల్లు మరిచిపోయినవాళ్లు, డబ్బు లేక కాదు, గుర్తులేక చెడిపోతున్నారు. మొత్తం బిల్లుకు ఆటోపే పెట్టి, విమానం ఎక్కేముందు ఆ బ్యాంకు ఖాతాలో డబ్బు ఉందో లేదో చూసుకుంటే ఈ ఇబ్బంది రాదు.

తర్వాత 30. ఇక్కడే ఎక్కువమంది బోల్తాపడతారు, అందుకే కాస్త నెమ్మదిగా చూద్దాం. మొదటి కార్డుకు 500 డాలర్ల పరిమితి ఇచ్చారనుకుందాం. గదిలో నలుగురు. నెల సరుకులన్నీ ఒకరి కార్డు మీద కొని, మిగతా ముగ్గురూ తమ వాటా అతనికి పంపడం మామూలే. ఆ నెల కార్డు మీద 450 డాలర్లు ఖర్చయింది. స్టేట్‌మెంట్ 5వ తేదీన వస్తుంది, గడువు 30వ తేదీ. కుర్రాడు బుద్ధిమంతుడు, 28నే మొత్తం కట్టేశాడు. ఒక్క సెంటు వడ్డీ పడలేదు. అయినా స్కోరు తగ్గింది. కారణం, చాలా కంపెనీలు బ్యూరోలకు పంపేది స్టేట్‌మెంట్ రోజున ఉన్న బాకీని. 500లో 450 అంటే 90 శాతం వాడకం. లెక్క కట్టే యంత్రానికి అది పీకల దాకా అప్పులో మునిగిన మనిషిలా కనిపిస్తుంది. అదే కుర్రాడు 2వ తేదీన 400 కట్టి ఉంటే 5న నమోదయ్యేది 50 డాలర్లు, అంటే 10 శాతం. ఖర్చు మారలేదు, కట్టిన మొత్తం మారలేదు, తేదీ ఒక్కటే మారింది. 30 శాతం దాటకూడదని అందరూ చెబుతారు. 10 లోపు ఉంచుకోగలిగితే ఇంకా మంచిది.

ఇందులో ఊరటనిచ్చే విషయం ఒకటుంది. వాడకం వల్ల తగ్గిన స్కోరు, వచ్చే నెల బాకీ తగ్గించగానే చాలావరకు కోలుకుంటుంది. ఆలస్యపు చెల్లింపు అలా కోలుకోదు.

ఇప్పుడు సీనియర్ల వేదంలోని పెద్ద తప్పు. "నెలనెలా కొంత బాకీ మిగుల్చు, అప్పుడే స్కోరు పెరుగుతుంది" అంటారు. ఇది శుద్ధ అబద్ధం. స్కోరుకు కావలసింది వాడటం, కట్టడం. వడ్డీ కట్టినందుకు ఒక్క పాయింటూ రాదు. వడ్డీ ఎంతో చూడండి. 1,000 డాలర్ల బాకీని 24 శాతం వడ్డీ మీద ఉంచి నెలకు 30 డాలర్లే కడుతూపోతే తీరడానికి 56 నెలలు పడుతుంది. కట్టిన వడ్డీ 660 డాలర్లు దాటుతుంది. రెండేళ్ల మాస్టర్స్ అయిపోయి, ఉద్యోగం వచ్చి, రెండేళ్లు పనిచేశాక కూడా మొదటి సెమిస్టర్‌లో కొన్న ల్యాప్‌టాప్ బాకీ నడుస్తూ ఉంటుందన్నమాట.

మిగతా మూడు పాళ్లను త్వరగా ముగించవచ్చు. ఖాతాల వయసులో సగటు చూస్తారు. 36 నెలల కార్డు ఒక్కటే ఉన్నవారు కొత్తది తీసుకోగానే సగటు 18కి పడిపోతుంది. అందుకని మొదటి కార్డును, వార్షిక రుసుము లేనిదైతే, ఎన్నేళ్లయినా మూయకూడదు. కొత్త అప్పు కోసం దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ రికార్డులో ఒక విచారణ నమోదై రెండేళ్లు ఉంటుంది. ఫైకో దాన్ని ఏడాదే లెక్కలోకి తీసుకుంటుంది. మన స్కోరు మనం చూసుకుంటే ఏమీ తగ్గదు. రకరకాల అప్పుల కోసం అవసరం లేని లోను తీసుకోవడం మాత్రం తెలివితక్కువ పని.

మొదటి ఆరు నెలలు

ఫైకో స్కోరు పుట్టాలంటే కనీసం ఒక ఖాతా ఆరు నెలలు నిండి ఉండాలి. గత ఆరు నెలల్లో ఏదో ఒక ఖాతా వివరాలు బ్యూరోకు చేరి ఉండాలి. అంటే ఆగస్టులో దిగినవారు సెప్టెంబరులో కార్డు తీసుకుంటే మార్చికి స్కోరు కనిపిస్తుంది. వచ్చే ఏడాది చూద్దామనుకుంటే, ఇంటర్న్‌షిప్ కోసం ఇంకో నగరంలో గది వెతుక్కునే వేసవికి చేతిలో ఏమీ ఉండదు.

చిక్కు ఎక్కడంటే సోషల్ సెక్యూరిటీ నంబరు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థికి అది దిగగానే రాదు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితేనో, చదువుకు అనుబంధంగా పనిచేసే అనుమతి వస్తేనో ఇస్తారు. క్యాంపస్ ఉద్యోగం తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు మించకూడదు. ఆ నంబరు లేకపోయినా పాస్‌పోర్టు, వీసా పత్రాలు చూసి కార్డిచ్చే సంస్థలున్నాయి. తర్వాత నంబరు వచ్చినప్పుడు కార్డు కంపెనీకి, బ్యాంకుకు ఆ విషయం తప్పక చెప్పాలి. లేకపోతే పాత చరిత్ర ఒకచోట, కొత్త చరిత్ర ఒకచోట ఉండిపోయే ప్రమాదం ఉంది.

నా మాటగా చెప్పాలంటే చాలామందికి మంచి దారి సెక్యూర్డ్ కార్డు. మనం 200 డాలర్లో, 500 డాలర్లో డిపాజిట్ కడితే అంతే పరిమితితో కార్డు ఇస్తారు. కొన్ని నెలలు సక్రమంగా నడిపితే చాలా సంస్థలు డిపాజిట్ తిరిగిచ్చి మామూలు కార్డుగా మారుస్తాయి. బ్యూరోలకు వివరాలు పంపే కార్డా కాదా అని ముందే అడగాలి. పంపని కార్డు ఎంత వాడినా వృథా.

రెండో దారి, అక్కడే స్థిరపడ్డ అక్కాబావలో, పెదనాన్న కొడుకో తమ కార్డులో మన పేరు అదనపు వాడకందారుగా చేర్చడం. వాళ్ల కార్డు పాతదై, బాకీ తక్కువై ఉంటే ఆ మంచి చరిత్ర మన రికార్డులోనూ కనిపిస్తుంది. వాళ్లు బాకీల్లో ఉంటే ఆ చెడ్డా మనకే. మొహమాటంతో కాక, చూసుకుని చేరాలి.

మూడో దారి భారత్‌లోని చరిత్రను వెంట తీసుకెళ్లడం. 2016లో మొదలైన నోవా క్రెడిట్ అనే సంస్థ విదేశీ క్రెడిట్ రిపోర్టులను అమెరికా బ్యాంకులకు అర్థమయ్యే రూపంలోకి మార్చి ఇస్తుంది. 2019లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ దానితో ఒప్పందం చేసుకుంది. ఇక్కడ కొన్నేళ్లు ఉద్యోగం చేసి, కార్డులు, లోన్లు నడిపి వెళ్లేవారికి ఇది పనికొస్తుంది. డిగ్రీ అవగానే వెళ్లే పిల్లలకు ఇక్కడా చరిత్ర ఉండదు కాబట్టి దీనితో ఉపయోగం లేదు.

21 ఏళ్లు నిండనివారికి సొంత ఆదాయమో, 21 దాటినవారి పూచీయో చూపకుండా కార్డు ఇవ్వకూడదని 2009 నాటి చట్టం చెబుతోంది. ఇంటర్ తర్వాతే డిగ్రీ చదువుకు వెళ్లేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఇదంతా ఎందుకంటారా, కారు లెక్క చూడండి. 20,000 డాలర్ల పాత కారు, ఐదేళ్ల వాయిదాలు. మంచి స్కోరున్నవారికి 6 శాతానికి దొరికిందనుకుంటే నెలకు 387 డాలర్లు, మొత్తం వడ్డీ సుమారు 3,200. చరిత్ర లేనివారికి 14 శాతానికి దొరికిందనుకుంటే నెలకు 465, మొత్తం వడ్డీ సుమారు 7,900. తేడా 4,700 డాలర్లు. డాలరు 85 రూపాయల లెక్కన వేసుకున్నా నాలుగు లక్షలు. ఒకే కారు, ఒకే రోడ్డు.

చెడగొట్టేవి

ఉద్యోగం వచ్చిందని చదువైన వెంటనే మరో రాష్ట్రానికి వెళ్లిపోతూ గది లీజు మధ్యలో వదిలేయడం అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తుంది. అద్దె సక్రమంగా కట్టినప్పుడు బ్యూరోకు మామూలుగా ఎవరూ చెప్పరు. ఎగ్గొట్టినప్పుడు వసూలు సంస్థకు అప్పగిస్తారు, అది రికార్డుకెక్కి ఏడేళ్లు ఉంటుంది. అన్యాయంగా అనిపించినా వాస్తవం అదే. ఆసుపత్రి బిల్లుల విషయంలో కొంత ఊరట ఉంది. 2023 ఏప్రిల్ నుంచి 500 డాలర్ల లోపు వైద్య బాకీలను మూడు బ్యూరోలూ రిపోర్టుల్లోంచి తొలగించాయి.

స్నేహితుడి కారు లోనుకు పూచీ పడటం ఇంకొకటి. మన ఊళ్లో పూచీ సంతకం అంటే మాటసాయం అనుకుంటాం. అక్కడ ఆ అప్పంతా మన పేరు మీద కూడా ఉన్నట్టే. స్నేహితుడు ఒక నెల కట్టకపోతే మన స్కోరు పడుతుంది. కాదనడానికి మొహమాటపడొద్దు.

సోషల్ సెక్యూరిటీ నంబరుకు బదులు వాడుకోండంటూ సీపీఎన్ పేరిట తొమ్మిదంకెల నంబర్లు అమ్మేవాళ్లున్నారు. అది నేరం. కొన్నవారి వీసా కూడా ప్రమాదంలో పడుతుంది. "వారంలో 100 పాయింట్లు పెంచుతాం" అని డబ్బు అడిగేవాళ్ల మాట అసలే వినొద్దు. రిపోర్టులో తప్పుంటే సరిచేయించుకునే హక్కు 1970 నాటి చట్టం ప్రకారం మనకే ఉంది, పైసా ఖర్చు లేకుండా. మూడు బ్యూరోల రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. ఫోన్ యాప్‌లో కనిపించే స్కోరుకూ బ్యాంకు చెప్పే స్కోరుకూ తేడా వస్తే కంగారుపడనక్కర్లేదు. చాలా యాప్‌లు చూపేది 2006లో మూడు బ్యూరోలూ కలిసి తయారుచేసిన వాంటేజ్ స్కోరు.

ఇంట్లో ఉన్న రెండో ఖాతా

అమెరికా స్కోరు గురించి ఇంత చెప్పాక, దానికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి ఒకటి. పిల్లలు అక్కడ 750 తెచ్చుకునే తొందరలో ఉంటే, ఇక్కడ పేటలో తండ్రి సిబిల్ కూలిపోతూ ఉంటుంది. విదేశీ చదువుల లోనులో తండ్రో తల్లో కో-అప్లికెంట్ కాకుండా బ్యాంకు ముందుకు కదలదు. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 4 లక్షల దాకా తనఖా, హామీ అక్కర్లేదు. 7.5 లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలి. మాస్టర్స్ ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. అంటే తరచూ ఇల్లో, స్థలమో బ్యాంకులో ఉంటుంది.

30 లక్షల లోను, 10.5 శాతం వడ్డీ అనుకోండి. రెండేళ్ల కోర్సు, ఆపై ఏడాది విరామం. ఈ మూడేళ్లూ ఏమీ కట్టకపోతే సాధారణ వడ్డీ లెక్కనే 9.45 లక్షలు పేరుకుంటుంది. అసలులో కలిసి 39.45 లక్షలవుతుంది. పదేళ్ల వాయిదాలకు నెలకు 53 వేల పైచిలుకు. అదే ఈ మూడేళ్లూ నెలకు 26,250 రూపాయల వడ్డీ కడుతూ వచ్చి ఉంటే, తర్వాతి వాయిదా 40,500 దగ్గర ఆగేది. అంత కట్టలేని ఇళ్లే ఎక్కువ, నిజమే. సగం కట్టినా ఆ మేరకు భారం తగ్గుతుంది.

వాయిదా తప్పితే తెలిసేది ముందు తండ్రికే. ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆయన రిపోర్టులోనూ పడుతుంది. తర్వాత చెల్లెలి చదువుకు లోనడిగితే, ఇంటి రిపేరుకు అప్పడిగితే బ్యాంకులో తలదించుకోవలసింది ఆయన. విరామ కాలం ఎప్పుడు ముగుస్తుందో కొడుక్కి గుర్తుండదు, తండ్రికి తెలియదు. అక్కడ 40 డాలర్ల బిల్లుకు ఆటోపే పెట్టుకున్నవారు ఇక్కడి 53 వేల వాయిదాకు పెట్టుకోకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం అన్నదే నా అభిప్రాయం.

తప్పులు సరిచేయించుకునే హక్కు మనకూ ఉంది. 2005 నాటి చట్టం కింద మన దేశంలో నాలుగు బ్యూరోలు పనిచేస్తున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2017 నుంచి ఒక్కోదాని దగ్గర ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితం. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తప్పు సరిచేయకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశం.

అమెరికా కాకపోతే

కెనడాలో స్కోరు 300 నుంచి 900. ఆస్ట్రేలియాలో ఈక్విఫాక్స్ స్కోరు 0 నుంచి 1200, అక్కడి 700ను ఇక్కడి 700తో పోల్చకూడదు. జర్మనీలో 1927 నుంచి ఉన్న షూఫా అనే బ్యూరో రికార్డు చూడకుండా ఇల్లు అద్దెకు దొరకడం కష్టం. దుబాయి, అబుదాబి వెళ్లే కార్మికులకూ, ఉద్యోగులకూ అల్ ఎతిహాద్ క్రెడిట్ బ్యూరో ఉంది, అక్కడా 300 నుంచి 900. కార్డు బాకీ వదిలేసి విమానమెక్కేవారు తిరిగి వెళ్లినప్పుడు ఆ పుస్తకం తెరిచే ఉంటుందని గుర్తుంచుకోవాలి. బ్రిటన్ వెళ్లేవారికి మాత్రం చాలామందికి తెలియని సౌకర్యం ఒకటుంది. భారతీయులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లుబాటు అయ్యే వీసా మీద అక్కడ నివసిస్తుంటే ఓటరుగా నమోదు కావచ్చు. ఓటర్ల జాబితాలో పేరు, చిరునామా ఉండటం అక్కడి క్రెడిట్ సంస్థలకు గట్టి ఆధారం. చేరిన మొదటి వారంలోనే చేయదగ్గ పని, ఖర్చు లేదు.

ఈ ఏడాది మీ ఇంట్లో ఎవరైనా విదేశానికి బయల్దేరుతుంటే సూట్‌కేసు సర్దేలోపు రెండు పనులు చేయండి. తండ్రి, తల్లి పేర్ల మీద ఉన్న ఉచిత సిబిల్ రిపోర్టు తీసి అందరూ కలిసి చదవండి. లోను విరామం ఏ తేదీన ముగుస్తుందో బ్యాంకులో కాగితం మీద రాయించుకుని, ఆ తేదీని వెళ్లేవారి ఫోనులోనూ ఉండేవారి ఫోనులోనూ పెట్టుకోండి.